ముందు చక్రం కింద టకటక

బెజవాడలో ఒక ఇల్లు. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ల డీజిల్ ఎస్‌యూవీ. ఎక్కువగా నడిపేది వదినగారు. కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. మరిదికి ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల కొట్టు. కొన్నాళ్లుగా గతుకుల రోడ్డెక్కితే చాలు, ముందువైపు నుంచి టకటకమని చప్పుడు. ఒక వర్క్‌షాపులో చూపిస్తే "ముందు సెట్టంతా మార్చాలండీ" అని ఎస్టిమేట్ రాసి చేతిలో పెట్టారు. ఆ కాగితం దగ్గర మొదలైంది వాదన. బండి పేరు అనవసరం. ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టోర్షన్ బీమ్. ఐదు సీట్ల ఎస్‌యూవీల్లో చాలావాటి కింద సరంజామా ఇదే.

మరిది: చూశాను వదినా. రెండు స్ట్రట్లు, పైన మౌంటింగులు, రెండు లోయర్ ఆర్ములు, లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్‌లు. దీంట్లో మోసమేం లేదు. లక్ష కిలోమీటర్లు దాటిన బండి. ఆ రబ్బర్లన్నీ ఒకే రోజు ఎక్కినవి. ఒకటి పోయిందంటే మిగిలినవి ఇవాళో రేపో అన్నట్టే ఉంటాయి. ఒకేసారి విప్పి అన్నీ వేసేస్తే లేబర్ ఒకసారి, అలైన్‌మెంట్ ఒకసారి. మళ్లీ కొన్నేళ్లపాటు ఆ వైపు చూడక్కర్లేదు.

వదిన: మోసమని నేనూ అనలేదు. కానీ ఈ కాగితం నిండా సామాన్ల పేర్లే ఉన్నాయి, చప్పుడు ఎక్కడిదో ఒక్క ముక్క లేదు. ఎప్పుడొస్తోంది, ఏ స్పీడులో వస్తోంది, స్టీరింగు తిప్పితే వస్తోందా, బరువుంటే తగ్గుతోందా అని అక్కడ నన్నెవరూ అడగలేదు. బండెక్కి ఒక చుట్టు తిరిగి రాలేదు. లిఫ్టు మీద పైకెత్తారు, టార్చి వేసి చూశారు, రాసేశారు.

మరిది: అడిగితే మాత్రం కస్టమరు ఏం చెబుతాడు? "ఏదో సౌండొస్తోంది, చూడు" అంటాడు. ఎక్కడ సార్ అంటే "కింద" అంటాడు. మెకానిక్కు లింక్ రాడ్లు ఒక్కటే వేసి పంపాడనుకోండి. వారం తిరక్కుండా "ఇంకా వస్తోందయ్యా" అని వచ్చి నిలబడతాడు. రెండోసారి విప్పిన కూలి ఎవరిస్తారు? అందుకే తెలివైనవాడు మొత్తం రాస్తాడు. సౌండ్ పోతుంది, షెడ్డు పేరు నిలుస్తుంది.

వదిన: సౌండ్ పోతుంది, ఏది మారిస్తే పోయిందో మాత్రం ఎవరికీ తెలీదు. రేపు ఇంకో బండి వస్తే మళ్లీ మొత్తం రాస్తాడు. నేను చెప్పేది ఒక్కటే. ఆ చప్పుడు మనం రమ్మన్నప్పుడు రావాలి, వద్దన్నప్పుడు ఆగాలి. అంతదాకా ఒక్క నట్టు కూడా విప్పకూడదు.

మరిది: రమ్మంటే వస్తుందా? వర్క్‌షాపు గేటు దాటగానే నోరు మూసుకునే సౌండ్లు ఎన్ని చూశానో!

వదిన: వస్తుంది. మొన్న ఆదివారం తెప్పించాను. ముందు డిక్కీ ఖాళీ చేశాను. జాకీ, పానాలు, స్టెపినీ, మీ అన్నయ్య గొడుగు, పిల్లల క్రికెట్ బ్యాటు, అన్నీ దింపేశాను. వెనక సీటు బెల్టుల బకిల్స్ ప్లాస్టిక్కుకి తగలకుండా పెట్టేశాను.

మరిది: అది మాత్రం మంచి పని. నవ్వకండి గానీ, నా కొట్టు ముందే ఒకాయన వెనక షాకులు రెండూ మార్పించుకున్నాడు. తీరా చూస్తే స్టెపినీ బిగించే బోల్టు లూజు. ముందువైపూ అంతే. బ్యాటరీ క్లాంపు, కింద ఇంజిన్ గార్డు, నంబరు ప్లేటు, పొగగొట్టం మీద వేడికి అడ్డం పెట్టే రేకు, వీటిలో ఏది వదులైనా సస్పెన్షన్ పోయినట్టే వినిపిస్తుంది.

వదిన: ఖాళీ చేసినా టకటక పోలేదు. అప్పుడు స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వెళ్లాను, మా వీధి చివర ఉన్నదే. ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కేలా తిన్నగా, నెమ్మదిగా పోనిచ్చాను. చప్పుడు లేదు. వెనక్కొచ్చి అదే బ్రేకర్‌ని ఏటవాలుగా ఎక్కించాను, ముందు ఒక చక్రం, ఆ తర్వాత రెండోది. టక్, టక్. మళ్లీ తిన్నగా వెళ్తే లేదు. మళ్లీ ఏటవాలుగా వెళ్తే ఉంది.

(ఇక్కడ నాదో మాట. ఈ ప్రయోగానికి మనకి బ్రేకర్ల కొరత లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 17 మీటర్ల వ్యాసార్ధం గల వంపుతో, 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటగలగాలి. ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న సిమెంటు గట్టుకి ఆ కొలతలు చెప్పేదెవరు? ఆటోనగర్‌లో లింక్ రాడ్ల అమ్మకాలు ఆ గట్లకి ఎంతో కొంత రుణపడే ఉంటాయి.)

మరిది: అయితే స్టెబిలైజర్ వైపే.

వదిన: అదే చెప్పబోతున్నాను. ఆ స్టెబిలైజర్ బారు ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా వేసిన ఉక్కు కడ్డీ. రెండు చక్రాలూ కలిసి లేస్తే కడ్డీ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, మెలి పడదు. ఒకటి లేచి రెండోది లేవకపోతేనే మెలి తిరుగుతుంది. ఆ బలమంతా లింక్ రాడ్ల చివరనున్న చిన్న బాల్ జాయింట్ల గుండా పోతుంది. నేను తిన్నగా ఎక్కించినప్పుడు స్ట్రట్టు పనిచేసింది, లోయర్ ఆర్ము పనిచేసింది, పైన మౌంటింగు దెబ్బ తింది. తప్పు వాటిలో ఉంటే అప్పుడూ మోగాలి కదా? మోగలేదు. ఈ కాగితంలో సగానికి పైగా కొట్టేయడానికి నాకు ఒక బ్రేకరు, ఒక పొద్దున్న సరిపోయింది.

మరిది: లెక్క బాగానే ఉంది. బ్రేకు తొక్కి చూశారా?

వదిన: బ్రేకు ఎందుకు?

మరిది: గతుకుల్లో పోతూ పెడలు మీద కాలు ఊరికే ఆనించాలి, బండి ఆగేంత కాదు. సౌండ్ ఆగిందా, అది సస్పెన్షనే కాదు. బ్రేకు ప్యాడ్లు కాలిపర్‌లో ఆడుతున్నాయి, లేదా కాలిపర్ పిన్నులు అరిగాయి. అచ్చం లింక్ రాడ్ లాగే టకటకమంటుంది. ప్యాడ్లు మార్చేటప్పుడు క్లిప్పులు తిరిగి పెట్టని కుర్రాళ్ల పుణ్యం. ఇంకో మాట. బండి నిలబెట్టి స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతుంటే టంగ్‌మని స్ప్రింగు ఎగిరినట్టుందా, పైన స్ట్రట్ బేరింగు. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు మీద అరచెయ్యి ఆనిస్తే తెలిసిపోతుంది. చుట్ల మధ్య వేలు మాత్రం పెట్టకూడదు. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోనిస్తే టక్‌టక్‌టక్‌మని వరసగా వస్తే డ్రైవ్ షాఫ్టు బయటి జాయింటు. స్పీడుతో పాటు ఊఁ అని పెరుగుతూ పోయే మోతైతే వీల్ బేరింగు గానీ, టైరు గానీ. ఖాళీ రోడ్డులో కాస్త ఎడమకి మలిపితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. మోత పెరిగిందా, కుడి బేరింగు. తేడా లేదా, టైరు మీద చెయ్యి వేసి తడిమి చూడాలి. క్లచ్ వదలగానే ధడ్‌మంటే ఇంజిన్ మౌంటింగు. ఇవన్నీ "సస్పెన్షన్ సౌండ్" అన్న ఒకే పేరుతో మా కొట్టుకొస్తాయి.

వదిన: చూశావా మరి! ఇన్ని తెలిసిన మనిషివి, సెట్టంతా మార్చమంటావు.

మరిది: తెలిస్తే సరిపోతుందా, తీరిక ఉండొద్దూ? మెకానిక్కు ఒక మనిషిని వెంటేసుకుని అరగంట రోడ్ల మీద తిరిగొస్తే ఆ అరగంటకి డబ్బులెవరిస్తారు? "చూసినందుక్కూడా డబ్బులా?" అంటారు. అదే డబ్బాలోంచి కొత్త సామాను తీసి వేస్తే మారుమాట్లాడకుండా ఇస్తారు. మన జనం వస్తువుకి ఇస్తారు వదినా, వెతికినందుకు ఇవ్వరు. అందుకే వెతికేవాళ్లు తగ్గిపోయారు.

వదిన: ఆ మాట నిజం. నేనిస్తాను. వెతికిన గంటకి ఎంతో చెప్పమను, ముందే ఇస్తాను.

మరిది: సరే. మీకు ఎడమ వైపు నుంచి వినపడుతోంది కదా?

వదిన: చెవికి ఎడమ. కానీ చెవిని నమ్మను. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది, ఉక్కులో 5,000 మీటర్లకు పైనే. అసలు చప్పుడు పుట్టినచోట కాకుండా బాడీలో ఏ రేకు గట్టిగా అదిరితే అక్కడి నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. పైగా ఆ కడ్డీ రెండు వైపులకీ తగులుకుని ఉంది. లిఫ్టు మీద చూసినప్పుడే ఏ లింకో తెలియాలి కదా, వాళ్లకెందుకు తెలీలేదు?

మరిది: లిఫ్టు మీద ఎత్తితే చక్రాలు వేలాడతాయి. ఆర్ములు కిందికి దిగి బుష్‌లు మెలిపడి బిగుసుకుంటాయి. లింకు జాయింట్లు కూడా రోడ్డు మీద ఉండే కోణంలో ఉండవు. ఉన్న ప్లే, అంటే వదులు, కూడా ఒక్కోసారి కనపడదు. దానికి పిట్ కావాలి. బండి తన బరువుతో తాను నేల మీద నిలబడి ఉండాలి, ఒకడు పైన బాడీని అటూ ఇటూ ఊపాలి, కింద ఉన్నవాడు జాయింటు మీద వేలు పెట్టుకుని ఉండాలి. కన్ను కంటే వేలికి ముందు తెలుస్తుంది.

మర్నాడు పిట్ ఉన్న షెడ్డుకి బండి తీసుకెళ్లారు. దారిలో బ్రేకు మీద కాలు ఆనించి చూశారు. చప్పుడులో తేడా లేదు. పిట్‌లో వదినగారు బండి ఊపితే మరిది కింద నిలబడి వేలు పెట్టాడు. పోయింది కుడి లింకు. ఎడమది బిగువుగానే ఉంది. ఆ లింకు విప్పి పక్కన పెట్టి, కడ్డీ చివర దేనికీ తగలకుండా కట్టేసి, అదే గతుకుల్లో నెమ్మదిగా ఒక చుట్టు తిరిగొచ్చారు. నిశ్శబ్దం. అయినా వాదన తెగలేదు. నా లెక్కలో అసలు వాదన అక్కడే మొదలైంది.

మరిది: మీ మాటే నెగ్గింది, ఒప్పుకున్నా. ఇప్పుడు నా మాట వినండి. ఎడమ లింకు కూడా వేసేద్దాం.

వదిన: అది బిగువుగా ఉందని ఇప్పుడే అన్నావు. షాకులైతే జతగా మార్చాలంటే ఒప్పుకుంటాను. ఒకవైపు కొత్తది, ఇంకోవైపు పాతది ఉంటే గతుకులో, బ్రేకులో రెండు వైపులూ రెండు రకాలుగా నడుచుకుంటాయి. లింకుకి ఆ కారణం లేదు కదా?

మరిది: కారణం లేదు, వయసుంది. అదే రోడ్డు, అదే దుమ్ము. ఖరీదు చూస్తే స్ట్రట్టు పక్కన లెక్కలోకే రాదు.

వదిన: సరే వేసెయ్. దీనికి పోట్లాట ఎందుకు? కానీ లోయర్ ఆర్ములు మాత్రం ఒప్పుకోను. అవి మోగడం లేదు.

మరిది: అదే వదినా, మీరు పొరబడేది అక్కడే. మోతకీ ప్రమాదానికీ పొంతన లేదు. లింక్ రాడ్ ఊరందరికీ వినపడేలా గోల పెడుతుంది. అది విరిగినా మలుపుల్లో బండి కాస్త ఎక్కువ ఒరుగుతుంది, జాగ్రత్తగా ఇంటికి నడుపుకురావచ్చు. లోయర్ ఆర్ము చివరనున్న బాల్ జాయింటు అలా కాదు. పెద్దగా నోరెత్తకుండా అరిగి అరిగి ఒకరోజు గుంటలోంచి ఊడి బయటికొస్తుంది. చక్రం ఓ పక్కకి వాలిపోతుంది, స్టీరింగు చేతిలో ఉన్నా లేనట్టే. టై రాడ్ ఎండు సంగతీ అంతే. చప్పుడు వెంట పడి తిరిగే మనిషి చప్పుడు చేయని సామాన్లని వదిలేస్తాడు. పిల్లల్ని ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కే బండి ఇది. ఎస్టిమేట్ మొత్తం రాసినవాడిలో ఆశ ఒక్కటే కాదు, ఈ భయం కూడా ఉంటుంది.

(వదినగారు దీనికి వెంటనే జవాబివ్వలేదు. ఈ వాదనంతటిలో నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచిన మాట ఇది. మన చెవి దేన్ని ముందు పట్టుకుంటుందో దానికే మనం భయపడతాం.)

వదిన: నీ భయం సరైనదే. దానికి నువ్వు చెప్పే మందు సరైనది కాదు. మోగనివాటిని చూడకుండా మార్చడమెందుకు, మోగకపోయినా చూస్తే పోలేదా? జాయింటులో ప్లే ఉందో లేదో తేల్చే పద్ధతి ఉంటుంది కదా?

మరిది: ఉంది. జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదిలితే బాల్ జాయింటో, వీల్ బేరింగో అయి ఉండాలి. ఎవరినైనా బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. కదలిక పోయిందంటే బేరింగు, ఉండిపోతే జాయింటు. అటూ ఇటూ పక్కల పట్టుకుని ఊపితే కదిలేది స్టీరింగు వైపుది, అంటే టై రాడ్ ఎండు గానీ లోపలి రాక్ ఎండు గానీ. ఆ తర్వాత టైరు కింద రాడ్డు పెట్టి ఎత్తి చూడాలి. మీ బండిలో బరువంతా స్ట్రట్టు మీద ఉంది కాబట్టి చక్రం వేలాడదీస్తే కింది జాయింటు వదులు తెలుస్తుంది. పాత ఇన్నోవాలో అలా కాదు. అందులో ముందు డబుల్ విష్‌బోన్, స్ప్రింగు వచ్చి కింది ఆర్ము మీద కూచుంటుంది. జాకీని ఆ ఆర్ము కిందే పెట్టాలి, లేకపోతే స్ప్రింగు నొక్కి పట్టి ప్లేని దాచేస్తుంది. దుమ్ము పడకుండా జాయింటుకి ఉండే రబ్బరు బూటు చిరిగితే ప్లే లేకపోయినా మార్చాల్సిందే. ఇసక లోపలికి పోయాక ఆ జాయింటు ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు.

వదిన: అయితే ఇప్పుడే చూడు.

చూశారు. ప్లే ఎక్కడా లేదు. కానీ ఎడమ బాల్ జాయింటు బూటు చిరిగి ఉంది, అంచున గ్రీజు, దాని మీద పేరుకున్న మట్టి. ఈ బండికి ఆ జాయింటు ఆర్ముతో కలిపే వస్తుంది. ఎడమ ఆర్ము మార్చడానికి వదినగారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఏ చప్పుడూ చేయని సామాను అది, గమనించండి.

మరిది: కుడిది?

వదిన: బూటు బాగుంది, ప్లే లేదు. వద్దు.

మరిది: వెనక బుష్ మీద పగుళ్లు చూశారా?

వదిన: చూశాను. పైపై గీతలు. రాడ్డు పెట్టి నొక్కితే రబ్బరు ఇనుము నుంచి విడిపోతోందా? లేదు. మరి స్ట్రట్లు? వాటినెందుకు రాశారో చెప్పు.

మరిది: తొమ్మిదేళ్ల షాకులు వదినా. మీకు తెలీకుండానే మెత్తబడిపోయి ఉంటాయి. రోజూ నడిపే మనిషికి తేడా తెలీదు, కొంచెం కొంచెంగా అలవాటైపోతుంది.

వదిన: షాకు పోతే రెండు చోట్ల బయటపడాలి. బాడీ స్ప్రింగుల మీద సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. చక్రం తన టైరు మీద పది, పదిహేను సార్లు అదురుతుంది. రెండిటినీ ఆపాల్సింది షాకే. బ్రేకరు దాటాక బండి ఒక్కసారి లేచి కూచుంటోంది, రెండో ఊపు లేదు. టైరు చుట్టూ తడిమి చూశాను, ఎగుడుదిగుడు అరుగుదల లేదు. ఇక నూనె కారుతోందా?

మరిది: పైన కాస్త చెమ్మ ఉంది.

వదిన: చెమ్మా, కారడమా?

మరిది: చెమ్మే. కారడమంటే కింద దాకా తడిసి దుమ్ము ముద్ద కట్టాలి. చెమ్మకే మార్చాలని నేనూ చెప్పను. కానీ ఒకటి. తర్వాత స్ట్రట్టు విప్పాల్సి వస్తే మాత్రం పైన మౌంటింగు, బేరింగు, బంప్ స్టాపు, దుమ్ము గొట్టం అప్పుడే మార్చాలి. అక్కడ నా సెట్టు పద్ధతే కరెక్టు. ఒకే పని రెండుసార్లు చేయించుకోవడం తెలివి కాదు.

వదిన: దానికి ఒప్పుకుంటాను. విప్పే పని ఒకటే అయినప్పుడు కలిపి మార్చడం వేరు, అనుమానం తీరక అన్నీ మార్చడం వేరు.

(స్ట్రట్టు సంగతి వచ్చింది కనక: షాకునే చక్రాన్ని నిలబెట్టే స్తంభంగా వాడుకునే ఈ ఏర్పాటు అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్‌ది. బ్రిటన్‌లో ఫోర్డ్ 1950లో చూపించిన కాన్సుల్, జెఫిర్ కార్లతో పేరు తెచ్చుకుంది. మనకి 1983లో మారుతి 800తో ఇంటి ముందుకొచ్చింది. సామాన్లు తక్కువ, చోటు తక్కువ, ఖర్చు తక్కువ. ఇబ్బందల్లా, గుంతలో పడిన దెబ్బ నేరుగా బానెట్ కింది మౌంటింగు రబ్బరుకి తగులుతుంది. నొక్కి పెట్టిన ఆ స్ప్రింగు మనిషి ప్రాణం తీయగలదు; సరైన కంప్రెసర్ లేకుండా ఇంట్లో విప్పే సాహసం ఎవరూ చేయొద్దు.)

మరిది: సరే, రేపు కుర్రాణ్ణి పెట్టి బిగించేస్తాను.

వదిన: ఎలా బిగిస్తాడు?

మరిది: ఎలా ఏమిటి, లిఫ్టెక్కించి.

వదిన: అదిగో. లింకులు ఎలా బిగించినా ఫరవాలేదు. కానీ ఆర్ము బుష్‌ల బోల్టులు చక్రాలు వేలాడుతుంటే ఆఖరు బిగువు బిగించకూడదు. ఆ బుష్‌లో ఏదీ తిరగదు. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, ఆర్ము కదిలినప్పుడల్లా రబ్బరే మెలిపడి మళ్లీ మామూలవుతుంది. ఆర్ము కిందికి వేలాడుతున్నప్పుడు బిగించేస్తే దానికి అదే మామూలు స్థితి అయిపోతుంది. బండి దించగానే రబ్బరు ఎప్పుడూ మెలిలోనే ఉంటుంది. మెడ పట్టేసినవాణ్ణి అలాగే పక్కకి చూస్తూ జీవితమంతా నడవమన్నట్టు. ఏడాదికే చిరుగుతుంది.

మరిది: ఇది ఎక్కడ చదివారు?

వదిన: సర్వీస్ మాన్యువల్‌లో. బండి బరువు చక్రాల మీద ఉంచి, ఇన్ని న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటుంది.

మరిది: (కాసేపాగి) మూడో రకం డూప్లికేట్ బుష్ అని కస్టమర్లు తిరిగి తెచ్చినవాటిలో కొన్ని ఇలా పోయినవే కావచ్చు. నేను కంపెనీవాళ్లతో పోట్లాడి మార్పించాను కూడా. సరే, నేల మీదే, టార్క్ రెంచితోనే. నేనే దగ్గరుండి బిగిస్తాను. నాదీ ఒక షరతు. సర్వీసింగులో కిందంతా డీజిల్ కొట్టించడం మానేయండి. పాత ఇంజనాయిలు కలిపి కొడితే తుప్పు పట్టదని అన్నయ్య నమ్మకం.

వదిన: ఆయనకి అంబాసిడర్ రోజులు.

మరిది: అంబాసిడర్‌కి నిపుల్స్ ఉండేవి, గ్రీజు గన్ను పెట్టి కొడితే కొత్త గ్రీజు లోపలికెళ్లి పాతది బయటికొచ్చేది. దానికి ఆ సేవ కావాలి. ఇప్పటి జాయింట్లు మూసేసి వస్తాయి, లోపలికి ఏదీ పోదు. డీజిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కొట్టిన వారం రోజులు కిర్రుమనడం ఆగుతుంది, అందుకే జనం బాగుందనుకుంటారు. కిర్రు ఏ బుష్‌దో తెలుసుకోవాలంటే సబ్బు నీళ్లు చల్లి ఒక్కొక్కటే చూడాలి. రాయాలంటే సిలికాన్ గ్రీజు ఒక్కటే రాయాలి.

వదిన: వెనక కూడా ఒక కిర్రు ఉంది, నలుగురు ఎక్కినప్పుడు. సబ్బు నీళ్లతో చూద్దామా?

మరిది: దానికి సబ్బు నీళ్లెందుకు? వెనక స్ప్రింగుల చుట్ల మధ్య రబ్బరు బఫర్లున్నాయి, ఇందాక చూశాను. ఎవరు పెట్టించారు?

వదిన: ఇంకెవరు? బండి కిందికి తగులుతోందని మీ అన్నయ్యే.

మరిది: నా కొట్లో కొన్నవి కాదు కదా? అవి దూర్చిన చోట స్ప్రింగు చుట్టు పనిచేయడం మానేస్తుంది, మిగతా చుట్లు ఎక్కువ వంగాలి. స్ప్రింగు బిరుసెక్కితే కంపెనీ ఇచ్చిన షాకు దానికి చాలదు, దెబ్బ పోయి షాకు పై రబ్బరు మీద పడుతుంది. నలుగురు ఎక్కగానే రబ్బరు చుట్లకి రాసుకుని కిర్రుమంటుంది. తీసేసి నడిపి చూడండి.

వదిన: నీ కొట్లో అవి అమ్మవా?

మరిది: అమ్ముతాను. అడిగితే వద్దని చెబుతాను, అడక్కపోతే అమ్ముతాను.

వదిన: నీ వ్యాపారం నాకర్థమైంది. ఇంతకీ లెక్క తేల్చు.

మరిది: రెండు లింకులు, ఎడమ ఆర్ము, అలైన్‌మెంటు. ఆర్ము మార్చాక అలైన్‌మెంటు తప్పదు. పిట్ షెడ్డువాడికి వెతికిన గంట. ఎస్టిమేట్‌లో మూడో వంతు కూడా కాదు, అది ఒప్పుకుంటాను. కానీ వదినా, కుడి ఆర్ము కూడా ఇప్పుడే...

వదిన: వద్దన్నానా? ఆర్నెల్లకోసారి చక్రం లేపి ఊపి చూస్తాను. వదులు తేలిన రోజు వేద్దువు గాని.

మరిది: ఆర్నెల్లకోసారి చూస్తామని అందరూ అంటారు. సంక్రాంతికి ఊరెళ్లే ముందు రోజు పరిగెత్తుకొస్తారు, అప్పుడు నా కొట్లో ఆ సామాను ఉండదు. కుడి ఆర్ము మీ పేరు రాసి పక్కన పెడుతున్నాను.

వదిన: పెట్టుకో. ఈలోగా ఎవరైనా అడిగితే అమ్మెయ్.